మరక మాదే

తప్పిపోయిన కుక్క ఇంటికొచ్చేసింది కదా, ఇక కథేం మిగిలిందని పోయిన వారం పేజీ తిప్పేసినవాళ్ళు కాస్త ఆగాలి. అసలు కథ మొదలైందే అది ఇంటికొచ్చాక.

జరిగింది ఒకసారి తల్చుకుందాం. డ్రై క్లీనింగ్ షాపాయన్ని వీధి వీధంతా మరకల మాస్టారు అంటుంది. కూర మరకైనా, సిరా మరకైనా ఆయన చేతిలో పడితే పోవలసిందే. ఊడిన గుండీలు కుట్టే ఆయన భార్యకి గుండీలక్క అని పేరు. కింద షాపు, పైన కాపురం. వాళ్ళు పెంచుకున్న తెల్ల బొచ్చుకుక్క వీపు మీద గోధుమరంగు మచ్చ ఒకటుంది. మాస్టారి చేత కానిది ఇదొక్కటేనని వచ్చేపోయే వాళ్ళంతా వేళాకోళం ఆడగా ఆడగా దానికి మరక అన్న పేరే స్థిరపడిపోయింది. ఆ మరకని ఓ సాయంత్రం షికారుకి తీసుకెళ్ళిన మాస్టారి అక్కగారు, రద్దీ రోడ్డు మధ్యలో చేతిలో గొలుసు జారవిడిచింది. కుక్క మాయం. ఆవిడ అన్నం మానేసి మంచం పట్టింది. చాలా రోజుల తర్వాత, ఇంకెక్కడి మరకలే అనుకుంటున్న వేళ, అది మెడపట్టీతో సహా తిరిగొచ్చింది. ఆవిడ లేచి కూర్చుంది.

ఇప్పుడు మాస్టారూ గుండీలక్కా షాపుకి తాళం వేసి, దాన్ని వెంటబెట్టుకుని కుక్కల డాక్టరమ్మ గదిలో నిలబడి ఉన్నారు. సూదిమందు వేయించుకొస్తామని ఇంట్లో అక్కగారికి చెప్పారు. నిజానికి వచ్చింది విత్తులు తీయించడానికి.

మరక స్టీలు బల్ల మీద బుద్ధిగా నిలబడింది. డాక్టరమ్మ చేతికి తొడుగులు వేసుకుని, బొచ్చు పక్కకి తీసి, వెనక కాళ్ళ మధ్య తడిమింది. తడిమిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకోసారి తడిమింది. తర్వాత కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"రెండూ ఉన్నాయే" అంది నెమ్మదిగా.

గుండీలక్కకి ముందు అర్థం కాలేదు. మగ కుక్కకి రెండు ఉండక ఏముంటాయని నోటిదాకా వచ్చి, అంతలోనే గుర్తొచ్చింది.

మరక పిల్లగా ఉన్నప్పుడు ఇదే డాక్టరమ్మ, ఇదే బల్ల మీద దాన్ని తడిమి చూసి, ఒక బీజం కిందికి దిగలేదని, పొట్టలోనే ఉండిపోయిందని చెప్పింది. అలా లోపలుండిపోయింది వయసు ముదిరాక గడ్డకట్టే ప్రమాదం ఉందని, ఎప్పటికైనా ఆపరేషన్ చేసి రెండూ తీయించెయ్యడమే మంచిదని నచ్చజెప్పింది. గుండీలక్క ఆ రోజే సరేనంది. మాస్టారే ఒంటికాలి మీద లేచాడు. మగపుట్టుక పుట్టినవాడికి ఈ శిక్షేంటన్నాడు. పొట్టలో ఉన్నది పొట్టలోనే చల్లగా ఉంటుందన్నాడు. ఏడాదికోసారి ఆవిడ ఎత్తడం, ఆయన మాట దాటేయడం, ఆ ఇంట్లో అదో రివాజైపోయింది. షాపులో ఇస్త్రీ చేసేవాళ్ళు కూడా మరకని ఒంటిగుండీ చొక్కా అని ఏడిపించేవాళ్ళు.

అలాంటి మాస్టారు, కుక్క తిరిగొచ్చిన వారం తిరక్కుండానే తనంతట తానే ఆపరేషన్ చేయిద్దామన్నాడు. ఊరిమీద తిరిగే బుద్ధి పోతుందన్నాడు. ఇన్నేళ్ళకి ఈయనకి జ్ఞానోదయమైందని గుండీలక్క లోపల్లోపల నవ్వుకుని బయల్దేరింది. ఇప్పుడా నవ్వు ఎటుపోయిందో తెలియదు.

డాక్టరమ్మ తొడుగులు విప్పింది. అంత చిన్నప్పుడు దిగనిది ఇంత వయసొచ్చాక దిగడం తను ఎక్కడా చూడలేదని, రోజూ ఎన్నో కుక్కల్ని చూస్తుంటుంది కాబట్టి ఆ రోజు పొరపాటు తనదైనా అయ్యుండాలని అంది. లేకపోతే అని ఆగి, ఇద్దరి మొహాలూ చూసింది.

"లేకపోతే, ఇది ఆ కుక్కేనా అని మిమ్మల్ని అడగాలి."

మాస్టారు పెద్దగా నవ్వాడు. మరక మెడపట్టీ తిరగేసి, లోపలివైపు కుట్టి ఉన్న చిన్న గుడ్డముక్క చూపించాడు. దాని మీద ఎర్రదారంతో మూడు ముళ్ళు, ఒక అడ్డకుట్టు. అది వాళ్ళ షాపు గుర్తు. షాపుకొచ్చిన ప్రతి బట్టకీ, కాలరు లోపలో నడుంపట్టీ లోపలో, కనపడకుండా ఓ గుర్తు పడుతుంది. ఆ గుర్తులు కుట్టేది అక్కగారే. మూడు ముళ్ళు, అడ్డకుట్టు అంటే సొంత ఇంటిది అని. ఆ కుట్టు ఇంకెవరి చేతికీ రాదని మాస్టారు డాక్టరమ్మకి గొప్పగా వివరించాడు.

"పట్టీ మీదేనండీ, కాదనలేదు. నేనడిగింది కుక్క సంగతి" అంది డాక్టరమ్మ.

రెండూ దిగి ఉన్నాయి కనక ఇప్పుడు తొందరేమీ లేదని, ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా ఆలోచించుకోవచ్చని చెప్పింది. వద్దు, ఇవాళే కానిచ్చెయ్యండి అన్నాడు మాస్టారు. ఆ మాట ఎంత గబుక్కున అన్నాడంటే డాక్టరమ్మ కనుబొమలు పైకి లేచాయి. పక్క గదిలో కాలు విరిగిన పిల్లికి కట్టు కట్టి వస్తానంది. వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతుందట. ఇది మీదేనా, కాదా? ఇద్దరూ నోరు విప్పి చెప్పాలి. మీది కానిదాన్ని కోసే పాపం నాకొద్దని తలుపు దగ్గరికి వేసుకుని వెళ్ళిపోయింది.

గదిలో ముగ్గురే మిగిలారు. గోడకి కుక్క పళ్ళ పటం, మూలన బరువు తూచే మిషను, పూర్తిగా కట్టని కొళాయి. గుండీలక్క మరక వంక చూసింది. మరక ఆవిడ వంకే చూస్తోంది. ఆ చూపు కొత్తదేం కాదు, తిరిగొచ్చిన దగ్గర్నించీ అలాగే చూస్తోంది. ఏదో ఒకటి చెబుతుందేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆవిడకి. పాత మరక ఆవిరి యంత్రం బుస్సుమంటే చాలు, మెట్లెక్కి పైకి పరుగెత్తేది. ఇది ఆ ఆవిరిలోనే మొహం పెట్టుకు కూర్చుంటోంది. పాత మరక గొంతు వీధి చివరిదాకా వినపడేది, పాలవాడు సైకిలు దిగకుండానే పాలు పోసి పారిపోయేవాడు. ఇది వచ్చిన దగ్గర్నించీ ఒక్కసారి కూడా మొరగలేదు. బెంగ పెట్టుకుని గొంతు పోయిందేమోలే అని సర్దిచెప్పుకున్నారు. అయితే మరి మంచం పట్టిన వదినగారి గదికి ఏ మెట్టు దగ్గర మలుపు తిరగాలో, ఏ తలుపు కాలితో తోస్తే తెరుచుకుంటుందో, ఆవిడ ఏ కాలికి నొప్పో, దీనికి ఎలా తెలుసు? వచ్చిన రోజే తిన్నగా పైకెక్కి ఆ నొప్పి కాలు పక్కనే పడుకుంది.

ఒళ్ళు చూసినవాళ్ళు ఎవరు అసలు? చిక్కిపోయి, మట్టి కొట్టుకుని వచ్చింది. వదినగారు పట్టీ తిరగేసి, తన కుట్టు తను చూసుకుని భోరుమంది. అంతే, మరక వచ్చేసింది అయిపోయింది. ఆ ఇంట్లో అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మందులో నానిన బట్ట రంగు తేలి, మడత మారి, ఇచ్చినవాడే పోల్చుకోలేనట్టు అవుతుంది. అందుకే బట్టని కాదు, గుర్తుని చూసి ఇవ్వాలని మాస్టారు పనివాళ్ళకి నూరిపోస్తుంటాడు. ఒకసారి ఓ గుమాస్తా వచ్చి, కోటు తనదే గానీ ఎందుకో తనది కాదనిపిస్తోందని నీళ్ళు నమిలాడు. మాస్టారు కాలరు తిప్పి గుర్తు చూపించాడు. పాపం ఆయన తలూపి తొడుక్కుని పోయాడు. ఆ రోజు గుండీలక్క కూడా నవ్వింది. ఆ గుమాస్తా మొహం ఇవాళ కళ్ళ ముందుకొచ్చింది.

ఇంకో సంగతి కూడా తట్టింది ఆవిడకి. తట్టగానే ఒళ్ళు మండింది. అక్క మంచం పట్టి పోయేలా ఉంటే చూడలేక, ఈయనే ఎక్కడినించో ఓ తెల్ల బొచ్చుకుక్కని పట్టుకొచ్చి ఉండాలి. రంగులు ఈయన చేతిలోనే ఉన్నాయి. వెలిసిపోయిన కోటుకి రంగు అద్ది కొత్తదాన్ని చేసే మనిషికి కుక్క వీపు మీద ఓ మచ్చ ఎంతసేపు?

ఆవిడ బల్ల పక్కనున్న గాజుసీసాలోంచి దూది తీసింది. స్పిరిట్‌లో ముంచి, మరక వీపు మీది గోధుమరంగు మచ్చ పట్టుకుని రుద్దింది. బొచ్చు పాయలు తీసి, మొదళ్ళదాకా రుద్దింది. మాస్టారు ఆపలేదు. మరక కదల్లేదు. మెడ మాత్రం తిప్పి, ఆవిడ చేతిని వాసన చూసింది.

దూది తెల్లగానే ఉంది.

"నేనూ రుద్దాను" అన్నాడు మాస్టారు. "స్పిరిట్ కాదు, మన షాపులో ఉన్న మందులన్నీ పెట్టాను. పోలేదే. అది పుట్టుమచ్చే."

ఆయన గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది. గుండీలక్క అడగవలసిన పని లేకుండానే మొత్తం చెప్పుకొచ్చాడు. తిరిగొచ్చిన రోజు మట్టి వదిలేలా తనే స్నానం చేయించాడు కదా, రెండోది చేతికి తగిలిందట. ముందు సంతోషించాడట, దిగిందని. రాత్రికి సంతోషం పోయి భయం పట్టుకుందట. మర్నాడు అక్క చాన్నాళ్ళకి మంచం దిగి, కాఫీ తాగి, సూదిలో దారం ఎక్కించి షాపులోకొచ్చి కూర్చుంది. కాళ్ళ దగ్గర ఇది. ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నాడు.

"అయితే మీరు తేలేదా దీన్ని?"

"ఒట్టు. నేను తేలేదు."

"మరి ఆ రోజు పొద్దున గుమ్మంలో కూర్చుని ఉందన్నారుగా?"

మాస్టారు తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నాడు.

"గుమ్మంలో కాదు. షట్టరు తాళం తీసి ఎత్తేసరికి లోపల ఉంది. ఇస్త్రీ బల్ల కింద, వాడెప్పుడూ కూర్చునే చోటే కూర్చుని ఉంది. వెనక తలుపు గడియ వేసే ఉంది. రాత్రి తాళం వేసింది నేనే. మీరు భయపడతారని గుమ్మంలో అన్నాను."

కొళాయిలోంచి నీటిబొట్టు పడుతోంది. గుండీలక్క దాన్ని గట్టిగా కట్టింది. ఈ కుక్క వాడు కాకపోతే, వాడి మెళ్ళో పట్టీ దీని మెళ్ళోకి ఎవరు మార్చారు? వాడేమయ్యాడు? ఇది ఎవరి ఇంట్లోదో అయ్యుంటే, ఆ ఇంట్లో ఇంకో వదినగారు అన్నం మానేసి కూర్చుని లేదు కదా? ఇవన్నీ ఆవిడ పైకే అడిగింది. మాస్టారు ఒక్కటే చెప్పాడు. ఈ ఇంట్లో తేడా తెలిసేది ఆ ఒక్క చోటే. అవి తీయించేస్తే, ఇక తేడా అన్నదే ఉండదు. రేపు ఎవరొచ్చి నాదన్నా, అక్కకి ఎప్పుడైనా అనుమానం తగిలినా, చూడ్డానికి ఏమీ మిగలదు. మరక మరకే.

అదన్నమాట ఈయనగారి జ్ఞానోదయం. అవసరమైనన్నాళ్ళూ మీసం మెలేసి వద్దన్న మనిషి, అవసరం తీరాక కోయించడానికి వచ్చాడు.

గుండీలక్కకి కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ కోపంతో పాటే వదినగారి మంచం కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజుల్లో ఆవిడ మంచం మీద కూర్చుని, ఒళ్ళో ఉత్త చేతిరుమాలు పెట్టుకుని, దాని మీద మూడు ముళ్ళు, అడ్డకుట్టు, మూడు ముళ్ళు, అడ్డకుట్టు, ఖాళీ లేకుండా కుట్టుకుపోయేది. అన్నం కలిపి నోటికందిస్తే, మీ మరకని పోగొట్టిన దాన్నమ్మా, నాకు పెట్టకు అనేది. ఏదైనా ఆశ్రమంలో వదిలేసి రమ్మని తమ్ముణ్ణి బతిమాలేది. తను అత్త లేని ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు, జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని తన కాళ్ళు ఒత్తిన మనిషి. ఆ మనిషి ఎముకల గూడై పోతుంటే చూసింది. మళ్ళీ చూడగలదా? చూడలేదు. అంతే, ఇంకో ఆలోచన లేదు.

మరక ముందుకి జరిగి, తల ఆవిడ పొట్టకి ఆనించింది. ఆనించి కళ్ళు మూసుకుంది. వాడూ ఇలాగే ఆనించేవాడు. ఆవిడకి ఏడుపొచ్చింది, దాని వెనకాలే దడ కూడా వచ్చింది. చెయ్యి దాని తల మీద వెయ్యాలో, వెనక్కి లాక్కోవాలో తెలియక కాసేపు గాల్లోనే ఉంచి, చివరికి వేసింది. తల వెచ్చగా ఉంది. ఏ కుక్క తలైనా అలాగే ఉంటుంది.

తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. తడిచేతులు తుడుచుకుంటూ, ఏం అనుకున్నారని అడిగింది.

"మాదే" అన్నాడు మాస్టారు.

డాక్టరమ్మ గుండీలక్క వైపు తిరిగింది. మరక కళ్ళు తెరిచి చూసింది. ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్న మాట ఇదేనన్నట్టు చెవులు నిక్కబొడుచుకుంది.

"మాదే. మరక మాదే" అంది గుండీలక్క.

కాంపౌండరు వచ్చి మెడపట్టీ విప్పి గుండీలక్క చేతిలో పెట్టి, కుక్కని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. అది పెనుగులాడలేదు. తలుపు మూసుకునేదాకా ఆయన భుజం మీంచి ఆవిణ్ణే చూసింది.

భార్యాభర్తలు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పక్కన ఒకావిడ చిలక పంజరం ఒళ్ళో పెట్టుకుని, చిలక బొచ్చు రాలిపోతోందని ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోతోంది. మాస్టారు ఊఁ కొడుతున్నాడు. గుండీలక్క చేతిలోని పట్టీ తిప్పి తిప్పి చూసింది. కుట్టు వదినగారిదే, సందేహం లేదు. ఎర్రదారం ఎక్కడా తెగలేదు. కొక్కెం దగ్గర తోలు మీద చిన్న గాటు ఉంది, అది మరక పిల్లగా ఉన్నప్పుడు కొరికిందే. పట్టీ మొత్తం వాడిది. మారింది పట్టీ లోపలి మనిషే. మనిషి అనుకున్నందుకు తనకే నవ్వొచ్చింది, నవ్వలేదు.

డాక్టరమ్మ బయటికొచ్చి అంతా సవ్యంగా జరిగిందని చెప్పింది. మత్తు దిగుతోందట, కాసేపట్లో తీసుకెళ్ళొచ్చట. కుట్టు నాకకుండా మెడకి గంపలాంటిది కట్టాలట. ఇంకే భయం లేదు, ఇక ఇల్లు దాటి పోడు అంది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికెళ్ళేటప్పుడు అక్కకి ఇష్టమైన బిస్కెట్లు కొందామన్నాడు. గుండీలక్కకి కూడా గుండెల మీది బరువు కాస్త దిగినట్టే అయింది. చేసింది తప్పో ఒప్పో, చేసేశారు. ఇక వెనక్కి రాదు కనక ఇక మోయడమే.

అప్పుడు ఆవిడ ఫోను మోగింది. ఇంటినించి, వదినగారు.

"ఏమ్మా, అప్పుడే వచ్చేశారా?" అంది ఆవిడ. గొంతులో హుషారు పొంగిపోతోంది. "వచ్చినవాళ్ళు పైకి రాకుండా వాణ్ణి షాపులో పెట్టి తాళం వేసుకుని ఎటుపోయారు? పాపం ఒకటే మొరుగుడు. సూదిమందు మహిమేమో, ఎన్నాళ్ళకి నోరు విప్పాడో చూడు. మెట్ల మీదికి దిగి వింటున్నాను. విను, నువ్వూ విను."

ఆవిడ ఫోను షాపు తలుపు వైపు పెట్టినట్టుంది. మూసిన షట్టరు వెనకనించి, వీధి చివరిదాకా వినపడే ఆ పాత గొంతు ఫోనులోంచి వచ్చింది. పాలవాడు పారిపోయే గొంతు. గుండీలక్క మాస్టారి వంక చూసింది. ఆయనకీ వినపడింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి, షాపు తాళంచెవులు పట్టుకుని బయటికొచ్చింది. వాటిలో ఒక్కటీ తగ్గలేదు.

వదినగారికి ఏమని చెబుతుంది? ఈలోగా ఆపరేషన్ గది తలుపు వెనకనించి, ఇంటికొచ్చిన దగ్గర్నించీ ఒక్కసారి కూడా నోరు తెరవని కుక్క, మత్తులోంచే మొరిగింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. అదే గొంతు. ఫోనులో మొరుగుడు ఆగింది, బదులు విన్నట్టు.

వదినగారికీ ఆ మొరుగుడు వినపడింది. ఆవిడ గొంతు, మంచం పట్టిన రోజుల్లో ఉన్నట్టు సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"అమ్మా, మన మరక ఇక్కడే ఉన్నాడు కదా. మరి నీ దగ్గర మొరుగుతున్నది ఎవరు?"